పదహారు మాత్రల చోటు: పాత పాటల సభలో కొత్త కవి పని

సభకు నమస్కారం.

పాత పాటల మీద ప్రేమతో సంఘాలు పెట్టుకున్నవాళ్ళు ఒక పక్క, కొత్తగా పాటలు రాస్తున్నవాళ్ళు ఒక పక్క ఈ సాయంత్రం ఒకే చోట కూర్చున్నారు. మామూలుగా వీళ్ళ దారులు కలవవు. పాత పాటల సభలో కరోకే ట్రాక్ పెట్టుకుని పదిహేను, ఇరవై పాటలు పాడతారు, చప్పట్లు కొడతారు, ఇంటికి వెళ్తారు. కొత్త కవుల గుంపులో ఒకరి పాట ఒకరు చదువుకుని బాగుందంటే బాగుందనుకుంటారు. అక్కడ పాట ఉంది గానీ పరిశీలన లేదు, ఇక్కడ రాత ఉంది గానీ కొలత లేదు. పాత పాట ఎందుకు నిలబడిందో విప్పి చూసిన చెవులతోనే, అదే సాయంత్రం, అదే గదిలో కొత్త పాట వినాలి. ఇవాళ మాట్లాడదలచుకున్నది ఇదొక్కటే. దాన్ని ఎలా చెయ్యాలో కాస్త వివరంగా చెబుతాను.

ముందు సభ లెక్క. రెండు గంటలు చాలు. ఒక పాత పాటకు 40 నిమిషాలు. మూడు కొత్త పాటలకు ఒక్కోదానికి 20 చొప్పున గంట. మిగిలిన 20 నిమిషాలు అందరూ కలిసి పాడుకోవడానికి. పాత పాటలు ఎక్కువ పెట్టాలన్న ఆశ వదులుకోండి. ఆకాశవాణి "ఈ మాసపు పాట" అని నెలంతా ఒక్క పాటే నేర్పేది. ఆ పద్ధతిలో బలముంది. నెలకు ఒకటంటే ఏడాదికి పన్నెండు పాటలు. ఆ పన్నెండూ ఒకే నడకలో ఉండకుండా, సినిమా పాటలే కాకుండా లలిత గీతాలు, జానపదాలు కూడా పడేలా ఏడాది మొదట్లోనే జాబితా రాసి గోడకు పెట్టాలి. నెలనెలా అడిగితే అందరూ అడిగేది ఆ పది పాటలే.

పాత పాటను మూడు సార్లు వినాలి. మొదటిసారి కాగితం లేకుండా. రెండోసారి చేతిలో సాహిత్యం, పెన్సిల్. తాళం దెబ్బ పడిన ప్రతి అక్షరం కింద చిన్న గీత, గాయకుడు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా నిలువు గీత. మూడోసారి పాట ఆపేసి, మాటలు లేకుండా బాణీ మాత్రం అందరూ "తాననా" అని పాడాలి. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. అసలు పాఠం దానిలోనే ఉంది. మాటలు తీసేసినప్పుడు బాణీకి ఎక్కడెక్కడ పొడుగు స్వరాలున్నాయో, ఎక్కడ గబగబా నడిచిందో, ఎత్తైన స్వరం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ తరవాత మాటలు మళ్ళీ చూస్తే, పొడుగు స్వరం కింద దీర్ఘమే ఎందుకుందో, ఎత్తైన స్వరం మీద పాటలోకల్లా ముఖ్యమైన మాటే ఎందుకు పడిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపిస్తుంది.

పాట ఆకారం ఎలా వచ్చిందన్నది ఒక్క లెక్కతో తేలుతుంది. 78 ఆర్‌పీఎం రికార్డు, పదంగుళాలది, ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర పడుతుంది. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఆదితాళం ఒక ఆవర్తం, అంటే ఎనిమిది దెబ్బలు, సుమారు ఐదున్నర సెకన్లకు కాస్త తక్కువ. మూడు నిమిషాలకు దాదాపు 34 ఆవర్తాలు. కవికి, సంగీత దర్శకుడికి కలిపి ఉన్న చోటు అంతే. పంచి చూడండి: మొదటి వాద్యగోష్ఠికి 4, పల్లవికి 4, మధ్య వాద్యానికి 4, చరణానికి 6, పల్లవికి తిరిగి రావడానికి 2, మళ్ళీ వాద్యానికి 4, రెండో చరణానికి 6, ముగింపు పల్లవికి 4. మొత్తం 34. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున పదహారు మాత్రల పాదం నాలుగు దెబ్బలు తింటుంది. అంటే ఆవర్తానికి రెండు పాదాలు. ఆరు ఆవర్తాల చరణంలో పన్నెండు పాదాలకు చోటుంది. ఒక్కో పాదం రెండేసి సార్లు పాడితే కవి రాయవలసింది ఆరు పాదాలే. పల్లవి రెండు, చరణాలు ఆరూ ఆరూ, పద్నాలుగు పాదాల్లో పాట మొత్తం చెప్పేయాలి. కొత్త కవులు తెచ్చే కాగితాల మీద ముప్ఫై, నలభై పాదాలుంటాయి. అవి చదవడానికి బాగుంటాయి, పాడితే రెండో చరణం దగ్గర వినేవాడి మనసు పక్కకు పోతుంది. ఇప్పుడు రికార్డు కొలత లేదు, నిజమే. వినేవాడి ఓపిక మాత్రం పెరగలేదు.

ఇక మాత్రల సంగతి. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం గానీ, సున్నా ఉన్న అక్షరం గానీ, పొల్లుతో ముగిసే అక్షరం గానీ, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గానీ గురువు, రెండు మాత్రలు. ఛందస్సు చదవనివాళ్ళు కూడా ఇంతమాత్రం నేర్చుకుంటే చాలు. నడకలు నాలుగు గుర్తుంటే పని జరుగుతుంది. తకిట మూడు, తకధిమి నాలుగు, తకతకిట ఐదు, తకిటతకధిమి ఏడు.

కొలత చూపడానికి కట్టిన పల్లవి ఒకటి బోర్డు మీద రాశాం:

వెన్నెల రాతిరి వేచిన వాకిట
కన్నుల ముందర కాలమె ఆగెను

వెన్నెల నాలుగు, రాతిరి నాలుగు, వేచిన నాలుగు, వాకిట నాలుగు. ప్రతి దెబ్బకూ ఒక మాట, ప్రతి మాట మొదటా గురువు. తాళం ఎక్కడ కొడితే అక్కడ బరువైన అక్షరం ఉంది. అందుకే పాడేవాడు తడుముకోడు. రెండో పాదమూ అంతే. వెన్నెల, కన్నుల అని ప్రాస, వె, వే అనీ క, కా అనీ యతి. యతి ఇక్కడ అలంకారం కోసం కాదు. పాదం సగంలో మూడో దెబ్బ దగ్గర వినేవాడి చెవికి అదో మెట్టులా పనికొస్తుంది.

ఇప్పుడు మొదటి పాదాన్ని ఒక కొత్త కవి ఇలా మార్చాడనుకుందాం: "వెన్నెల నిశిలో ఎదురుచూపుల". చదివితే అందంగానే ఉంది. పాడి చూడండి. వెన్నెల నాలుగు, నిశిలో నాలుగు, ఇక్కడిదాకా బాగుంది. "ఎదురుచూపుల"లో ఎ, దు, రు మూడు లఘువులు, చూ గురువు, పు, ల లఘువులు. మొత్తం ఏడు. ఎనిమిది కావాలి, ఒకటి తక్కువ. గాయకుడు ఎక్కడో సాగదీసి సర్దుతాడు. అసలు ఇబ్బంది అది కాదు. మూడో దెబ్బ "ఎదురు" అని మూడు మాత్రలు తిన్నాక ఒక్క మాత్రే మిగిలింది. "చూ"కి రెండు కావాలి. సగం ఇటు, సగం నాలుగో దెబ్బ మీద పడుతుంది. దెబ్బ సరిగ్గా దీర్ఘం మధ్యలో తగిలేసరికి వినేవాడికి "ఎదురుచు... ఊపుల" అని వినిపిస్తుంది. ఎదురుచూపు పోయి ఊపు వచ్చింది. అదే మాటను తకిట తకధిమి నడకలో పెట్టండి: ఎదురు, తకిట. చూపుల, తకధిమి. అచ్చు పోసినట్టు కూర్చుంటుంది. మాటలో తప్పు లేదు, అది వేరే నడక మాట. నాలుగు మాత్రల బాణీలో ఆ భావమే కావాలంటే "వెన్నెల నిశిలో వేచిన కన్నుల" అని రాసుకోవాలి.

తెలుగు మాటల్లో నడక ముందే ఉంటుంది. ఆస్కార్ వేదికకు 2023లో వెళ్ళిన "నాటు నాటు" సంగతే చూడండి. నా గురువు, టు లఘువు, మూడు మాత్రలు. ఆ మాటను రెండుసార్లు అనగానే తిస్ర నడక మొదలైపోతుంది. పల్లవికి మొదటి మాట ఎంచుకునేటప్పుడు అర్థంతో పాటు దాని నడక కూడా అడగాలి.

ఇక్కడే వ్యావహారిక క్రియలతో వచ్చే చిక్కు ఒకటుంది. మన పల్లవిలో "ఆగెను" అని ఉంది. ఇవాళ ఎవరూ అలా మాట్లాడరు. "ఆగింది" అంటారు. ఆగెను నాలుగు మాత్రలు, ఆగింది ఐదు. వచ్చెను నాలుగు, వచ్చింది ఐదు. నవ్వెను, నవ్వింది అంతే. మన వాడుక క్రియల్లో చాలా వాటికి ఈ ఐదు మాత్రల కొలతే ఉంది. నాలుగు మాత్రల పెట్టెలో అది పట్టదు, చివరి "ది" పక్క దెబ్బ మీదికి జారుతుంది. పాత కవులు "ఎను" రూపం వాడింది పాండిత్యం కోసమే అనుకోవద్దు, ఈ కొలత కోసం కూడా. ఇప్పటి కవికి మూడు దారులున్నాయి. "కాలం ఆగే" అని క్రియను చివర సాగదీయడం ఒకటి. అసలు ఖండ నడకలో, అంటే ఐదు మాత్రల నడకలో, బాణీ కట్టించుకుని "ఆగింది" అనే వాడుక మాటనే నిలబెట్టడం రెండోది. క్రియ లేకుండా పాదం ముగించి, తరవాతి పాదంలో వాక్యం పూర్తి చెయ్యడం మూడోది. రెండో దారి కష్టమైనదే, కానీ ఇవాళ్టి మాటకు ఇవాళ్టి నడక దానివల్లే దొరుకుతుంది. కొత్తగా రాసేవాళ్ళు సంగీతం చేసేవాళ్ళతో కూర్చుని ఐదు మాత్రల బాణీలు అడిగి కట్టించుకోండి.

అచ్చుల సంగతి కూడా ఇంతే ముఖ్యం. పొట్టి అక్షరం మీద స్వరం సాగితే తెలుగులో మాటే మారిపోతుంది. "మది" సాగితే "మాది" అవుతుంది. "కల" సాగితే "కాల". "విరి" సాగితే "వీరి". "పడి లేచి" అని రాసినది "పాడి లేచి" అని వినిపిస్తుంది. బాణీలో పొడుగు స్వరం ఉన్నచోట పుట్టుకతోనే దీర్ఘమున్న మాట పెట్టడం ఒక్కటే దీనికి మందు.

ఒత్తక్షరాలది ఇంకో సంగతి. "గుండె"లో సున్నా మీద స్వరం నిలుస్తుంది, ముక్కులో మోగుతుంది. "మల్లె"లో ల్ల మీద కొంచెం నిలపవచ్చు. "చక్కని", "పట్టుకు", "తప్పక" లాంటి వాటిలో గొంతు మూసుకుపోతుంది, స్వరం ఆగిపోతుంది. అందుకని క్క, ట్ట, ప్ప, త్త ఉన్న మాటలు వేగంగా నడిచే చోట పెట్టండి, అక్కడ అవి డప్పు దెబ్బల్లా పనిచేస్తాయి. నిదానంగా సాగే చోట పెడితే గాయకుడు "చా... క్కని" అని మాట విరవక తప్పదు.

పాదం చివర ఏముందో ప్రత్యేకంగా చూడాలి. తెలుగు మాటల్లో ఉకారంతో ముగిసేవి లెక్కలేనన్ని. పాదం చివర స్వరం సాగితే "వాడూ", "నేడూ", "ఆగెనూ" అని వస్తుంది. ఊకారం, ఈకారం మీద పై స్థాయిలో గొంతు విప్పుకోదు. ఆ, ఏ, ఓ మీద విప్పుకుంటుంది. పాత పాటల్లో పాదాల చివర లో, గా, నే, రా, వే అంత విరివిగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలుస్తుంది. కానీ దీన్ని ఊతకర్రలా వాడకూడదు. "లే", "నే" తీసేసి పాదం చదవండి. అర్థం ఏమీ మారకపోతే అది కొలత నింపడానికి వచ్చిన అక్షరమే. పాటకు రెండు దాకా ఓర్చుకోవచ్చు, అంతకు మించితే పాదం మళ్ళీ రాయాలి. అంత్యప్రాస కూడా అలాంటిదే. "గుండెలో", "నింగిలో" అంటే కలిసింది "లో" ఒక్కటే, అది ప్రాస కాదు, విభక్తి. "ఒడిలో", "గుడిలో", "సడిలో" అన్నప్పుడు మాటకు మాట కలిసింది.

చరణం నుంచి పల్లవికి తిరిగి వచ్చే అతుకు దగ్గర కవి పనితనం బయటపడుతుంది. చరణం చివరి పాదం వాక్యాన్ని పూర్తి చేసేస్తే, పల్లవి వేరే పాటలోంచి తెచ్చి అంటించినట్టుంటుంది. వాక్యాన్ని తెరిచి ఉంచి పల్లవితో మూయించాలి. మన పల్లవికి చరణం చివర ఈ పాదం పెట్టి చూద్దాం: "నీ అడుగుల సడి వినపడు దాకా". నాలుగు నాలుగ్ల పదహారు. చివర దీర్ఘం, ఆకారం. వాక్యం ఆగలేదు, దాకా ఏమిటి అని చెవి అడుగుతుంది. "వెన్నెల రాతిరి వేచిన వాకిట" అని పల్లవి జవాబు చెబుతుంది. మొదటిసారి విన్నప్పుడు వట్టి దృశ్యంగా ఉన్న పల్లవి, రెండోసారి ఒకరి నిరీక్షణ అయింది. మాటలు అవే. రెండో చరణం చివర ఇంకో తెరిచిన వాక్యం పెడితే అదే పల్లవి మూడో అర్థం ఇస్తుంది. అందుకే రాసే క్రమం కూడా మార్చుకోవాలి. పల్లవి కుదిరాక చరణాల చివరి పాదాలు ముందు రాయండి, తరవాత మొదటి పాదాలు, మధ్యవి ఆఖర్న. పై నుంచి కిందికి రాసుకుంటూ పోతే ఈ అతుకు దగ్గరికి వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగలదు, చోటూ మిగలదు.

బాణీ ముందు ఇచ్చి రాయమన్నప్పుడు పని ఇంకొంచెం వేరు. పెన్ను పట్టకుండా పదిసార్లు వినండి. తరవాత లఘువుకు త, గురువుకు తా అని బాణీ మొత్తం కాగితం మీద పెట్టండి. సమం, అంటే ఆవర్తం మొదటి దెబ్బ, ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టండి. పాట సమానికే మొదలవుతుందో, దాటాక మొదలవుతుందో చూసుకోండి. దాటాక మొదలయ్యే బాణీలో మొదటి అక్షరం తేలిగ్గా ఉండి రెండోదో మూడోదో బరువుగా ఉండాలి. మన మాటలు సాధారణంగా మొదటి అక్షరం మీదే బరువు మోస్తాయి కాబట్టి, అక్కడ "ఓ", "నీ", "ఈ" లాంటి ఏకాక్షరం ముందు పెట్టుకుని అసలు మాటను సమం మీదికి తేవడం మంచి ఉపాయం. తరవాత ఎత్తైన స్వరం దగ్గర పడాల్సిన మాట వెతకండి. ఆ ఒక్క మాట దొరికితే మిగతా పాదం దాని చుట్టూ కట్టుకోవచ్చు. డమ్మీ మాటలు పెట్టి బాణీ పంపే అలవాటు ఇప్పుడు బాగా ఉంది. ఆ డమ్మీ మాటలు చెవిలో నాటుకుపోతే వాటికి దగ్గరగా ధ్వనించే మాటలే తోస్తాయి. వీలైతే వట్టి తాననాలతో పాడించిన బాణీ అడిగి తెప్పించుకోండి.

శ్రుతి విషయంలో సభల్లో ప్రతిసారీ జరిగే పొరపాటు ఒకటుంది. పల్లవి హాయిగా పాడగలిగే శ్రుతి పెట్టుకుంటారు. చరణం పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు అందదు. శ్రుతి ఎప్పుడూ చరణంలో అన్నిటికన్నా పై స్వరం దగ్గర సరిచూసుకుని, అక్కడ నుంచి పల్లవికి దిగాలి. పాత రికార్డుల నకళ్ళు పెట్టుకుని శ్రుతి పట్టేవాళ్ళు ఇంకో జాగ్రత్త పడాలి. రికార్డు తిరిగే వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. 78 తిరగాల్సింది 82, 83 తిరిగితే చాలు. మూడు నిమిషాల 20 సెకన్ల పాట 11 సెకన్లు తగ్గి, గాయకుడి గొంతు సన్నబడి వినిపిస్తుంది. ఒకే పాట నకళ్ళు రెండు మూడు సంపాదించి నిడివి పోల్చితే ఏది దారి తప్పిందో తెలిసిపోతుంది.

సంఘం దగ్గర ప్రతి పాత పాటకూ ఒక పత్రం ఉండాలి. సినిమా పేరు, విడుదలైన సంవత్సరం, కవి, సంగీతం, గాయకులు, తాళం, నడక, రాగం లేదా రాగచ్ఛాయ, రికార్డు నిడివి. సాహిత్యం రాసుకునేటప్పుడు రికార్డులో పాడిన మాటే ప్రమాణం. సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో అచ్చుతప్పులుంటాయి, కవి సంపుటాల్లో పాఠం వేరుగా ఉండొచ్చు. తేడా కనిపించినచోట రెండూ రాసిపెట్టండి, మీకు నచ్చింది ఉంచి రెండోది కొట్టేయకండి. పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. టైటిల్స్‌లో ఉన్న పేరు ఒక్కోసారి సగమే చెబుతుంది. 1957 నాటి మాయాబజార్‌కు సంగీతం ఘంటసాల అని అందరికీ తెలుసు. అందులో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. అలాంటి వివరం పత్రంలో లేకపోతే ఇంకో తరానికి పోతుంది. ఎవరి శ్రమ వారి పేరు మీద ఉండాలి. పాత పాటను గౌరవించడంలో మొదటి పని ఇదే.

హక్కుల విషయం కూడా సంఘం నడిపేవాళ్ళకు తెలిసి ఉండాలి. మన కాపీరైట్ చట్టం 1957ది. పాట సాహిత్యానికి, బాణీకి హక్కు రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. రికార్డుకు మాత్రం విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ఈ తేడా తెలియక చాలామంది చిక్కుల్లో పడతారు. మల్లీశ్వరి 1951లో వచ్చింది. అప్పుడు వెలువడిన రికార్డుల గడువు 2011తో ముగిసింది. పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో పోయారు. ఆయన సాహిత్యానికి 2040 చివరి దాకా హక్కు ఉంది. రికార్డు పాతబడింది కదా అని సాహిత్యం పుస్తకంగా వేసుకోవడానికి వీల్లేదు.

సంఘాలకు చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఔత్సాహికుల క్లబ్బు గానీ సంఘం గానీ డబ్బు తీసుకోకుండా శ్రోతల ముందు పాట పాడితే అది ఉల్లంఘన కాదని 52వ సెక్షన్‌లో ఉంది. లాభం కోసం కాని క్లబ్బు తన కార్యక్రమంలో భాగంగా రికార్డు వినిపించడానికీ అదే సెక్షన్‌లో చోటుంది. టికెట్ పెట్టారంటే లెక్క మారుతుంది. సభను వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం కూడా గదిలో పాడుకోవడం లాంటిది కాదు, దానికి అనుమతి వేరే. కవుల, స్వరకర్తల తరఫున లైసెన్సులిచ్చే ఐపీఆర్‌ఎస్ 1969 నుంచి ఉంది. టికెట్ సభ పెట్టేవాళ్ళు తేదీ ఖరారు చేసే ముందే వాళ్ళకు రాయడం మంచిది. పాత బాణీకి కొత్త మాటలు రాయించడం గదిలో అభ్యాసంగా చాలా మేలు చేస్తుంది. దాన్ని రికార్డు చేసి విడుదల చెయ్యకండి.

కొత్త కవులు తమ హక్కు గురించి మూడు మాటలు గుర్తుంచుకోవాలి. పాట కాగితం మీద పెట్టిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కు ఇంకొకరికి ఇస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనీ చట్టం అర్థం చేసుకుంటుంది. ఇక 2012 సవరణ వచ్చాక, సినిమాకు రాసిన పాట సినిమా హాలు బయట వాడుకుంటే వచ్చే రాయల్టీలో సమాన వాటాను కవి వదులుకుంటానన్నా చెల్లదు. అలాంటి షరతు ఉన్న కాగితం ముందుకు వస్తే ఈ సంగతి చెప్పడానికి మొహమాటపడకండి. కవి, స్వరకర్త ఇద్దరు వేరైతే పాట మొదలుపెట్టిన రోజే తేదీ, పేర్లు, వాటాలు ఒక పేజీ మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. స్నేహంలో కాగితమెందుకన్న మాట విని తరవాత బాధపడ్డవాళ్ళు ఈ రంగంలో తక్కువేమీ కాదు.

ఇక కొత్త పాట వినే పద్ధతి. రాసినవాళ్ళు తమ పాట తాము పాడకూడదు. ఇది మొదటి నియమం, దీనికి మినహాయింపు పెట్టకండి. రాసినవాళ్ళకు లోపాలు దాటెయ్యడం తెలుసు, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ మింగాలో గొంతుకు అలవాటై ఉంటుంది. సభకు అరగంట ముందు ఇంకొకరికి పాట నేర్పాలి. మూడు ప్రయత్నాల్లో పల్లవి పట్టుబడకపోతే పాటలో ఎక్కడో ముడి ఉంది. హార్మోనియం గానీ గిటార్ గానీ ఒక్క వాద్యం చాలు. నిండుగా చేసిన ట్రాక్ మీద వింటే బలహీనమైన పాదం కూడా బాగానే ఉందనిపిస్తుంది.

మొదటిసారి శ్రోతల చేతిలో కాగితం ఉండకూడదు. పాట అయ్యాక ప్రతి ఒక్కరూ గుర్తున్న ఒక్క పాదం చీటీ మీద రాయాలి. చీటీలన్నీ కవికి ఇచ్చేయాలి. ఎక్కువమంది పల్లవి మొదటి పాదమే రాస్తే పాట ఆరోగ్యంగా ఉన్నట్టు. అందరూ రెండో చరణంలోని ఒక పాదం రాశారంటే అసలు పల్లవి అక్కడ దాక్కుందన్నమాట, దాన్ని పైకి తెచ్చి మళ్ళీ కట్టాలి. తప్పుగా రాసిన చీటీలు అన్నిటికన్నా విలువైనవి. "ఎదురుచు ఊపుల" అని ఎవరైనా రాశారంటే తప్పు వినేవారిది కాదు, ఏ దెబ్బ దగ్గర మాట విరిగిందో ఆ చీటీ వేలు పెట్టి చూపిస్తుంది.

రెండోసారి కాగితం ఇచ్చి పాడించండి. తరవాత చర్చ. కవి ఐదు నిమిషాలు మాట్లాడకూడదు. వివరణ ఇవ్వవలసి వచ్చిన పాదం పక్కన చుక్క పెట్టుకోవాలి, అంతే. మాట్లాడేవాళ్ళు ముందు మాటలు వినపడ్డాయా లేదా అన్నది చెప్పాలి, తరవాత తాళం ఎక్కడ అడ్డం తగిలిందో, ఆ తరవాతే అర్థం. "నాకు నచ్చింది, నచ్చలేదు" అన్నవి ఆఖరికి ఉంచండి. అవి ముందొస్తే మిగతావేవీ బయటికి రావు. పెద్దవాళ్ళకొక మనవి. కొత్త పాటను మీకు ఇష్టమైన పాత పాటతో పోల్చి తక్కువ చెయ్యకండి. ఆ రోజు విప్పి చూసిన పాత పాటలో అతుకు ఎలా ఉంది, ఈ పాటలో అతుకు ఎలా ఉంది అని పనితనాన్ని పనితనంతో పోల్చండి. అదే పాట దిద్దుకుని రెండు నెలల తరవాత మళ్ళీ తెస్తే దానికి ముందు చోటివ్వాలి. మొదటి రాతకు దక్కిన చప్పట్ల కన్నా దిద్దిన రాతకు దక్కిన చోటు కవికి ఎక్కువ మేలు చేస్తుంది.

వచ్చే సభకు పని ఇది. బోర్డు మీదున్న పల్లవి అందరూ రాసుకోండి. దానికి ఆరు పాదాల చరణం ఒక్కటే రాసి తీసుకురండి. ప్రతి పాదం పదహారు మాత్రలు, చివరి పాదం తెరిచిన వాక్యం, పాదాల చివర ఉకారం రెండు సార్లకు మించకూడదు. "ఆగెను" బదులు వాడుక మాట పెట్టి కొలత తప్పకుండా రెండో పాదం మార్చగలిగితే అదీ తెండి, దానికి ప్రత్యేకంగా సమయం ఇస్తాం. పాత పాట తాళం గీతలు మాత్రం పెన్సిల్‌తోనే గీసుకోండి. మూడోసారి విన్నాక వాటిలో సగం చోటు మారతాయి.